తలపాగా ధరించిన అణువు

బొంబాయి నగరమున గ్రాంటు రోడ్డు రైలు స్టేషనుకు తూర్పువైపున, 1848 మొదలు 1853 వఱకు ఆ రాజధానికి గవర్నరుగా నుండిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరిట వెలసి, నేడు పఠ్ఠే బాపూరావు మార్గమని పురపాలక సంఘమువారి పలకలు చెప్పుచున్నను జనుల నాలుకపై మాత్రము పాత పేరుతోనే నిలిచియున్న వీథి యొకటి కలదు. ఆ ఫాక్‌లాండ్ రోడ్డును ఆనుకొని, పేర్లకు బదులు అంకెలతో పిలువబడు సందులుగా పరచుకొనియున్న పేట కామాఠిపుర. కామాటి యనగా మన్ను త్రవ్వి రాయి మోసి బ్రదుకు కూలివాడని తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1784 నాటికి హార్న్‌బీ గవర్నరు కట్టించిన కట్ట సముద్రపు పోటు నడ్డగించి దీవుల నడిమి పల్లపునేలలను ఎండజేసిన పిమ్మట, నైజాము సీమలోని తెలుగు పల్లెలనుండి భార్యాబిడ్డలతో బయలుదేఱి వచ్చి, ఆ నేలపై గుడిసెలు వేసికొని, ఆ మహానగరపు మేడలకు పునాదులు త్రవ్విన కామాటివారి పేరే ఆ పేటకు పేరయ్యెను. వారి వెనుక పద్మశాలీలు వచ్చి బట్టల మిల్లులలో చేరిరి; ఆ యిండ్ల యాడువారు చాళ్లనబడు కూలివారి బారు ఇండ్ల వసారాలలో కూర్చుండి బీడీలు చుట్టిరి; గుత్తేదారులై పైకి వచ్చిన కొందఱు తెలుగువారు జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజమునకు అండగా నిలిచిరి.

లోకమునకు ఈ చరిత్ర తెలియదు. ఆంగ్లేయుల యేలుబడిలో ఆ సందులలో కొన్నిటియందు పడుపువృత్తి వేళ్లు తన్నుకొనుటతో, కామాఠిపుర యనగానే ముఖము చిట్లించుకొనుటను మాత్రము లోకము నేర్చినది. 1986లో మద్రాసు నగరమున మన దేశపు మొదటి హెచ్.ఐ.వి. కేసులు బయటపడి, అటుపిమ్మట కొద్ది యేండ్లలో ఆ వ్యాధి ఫాక్‌లాండ్ రోడ్డునకు చేరగా, ఆ చిట్లింపునకు భయము తోడయ్యెను. చావు వచ్చిన యింటికి పొరుగువారు రాలేదు. పాపము పండినదని అనినవారే యెక్కువ. నేను ఈ వ్యాసమున చెప్పబూనినది పాపపుణ్యముల మాట గాదు. ఆ వ్యాధిని కలిగించునది 9,000కు మించిన అక్షరములు గల యొక ఆర్.ఎన్.ఏ. దారము. ఆ దారపు రెండు కొనలకు ప్రకృతి తొడిగిన తొడుగులెట్టివి, వానిని తొడుగు ఎంజైములెవ్వి, ఊడదీయు ఎంజైములెవ్వి, ఇవి తెలిసినవానికి ఆ వ్యాధి శాపమువలె గాక, కార్యకారణములకు లోబడిన యొక పదార్థపు నడవడివలె కనబడును. అందువలననే ఈ కథను ఆ వీథినుండి మొదలుపెట్టితిని.

బీడీ చుట్టు ఇల్లాలి చేతిని నిదానముగా చూచినవారికి ఒక సంగతి బోధపడును. తునికాకును కత్తిరించి, పొగాకు పొడి పరచి, చుట్టుట క్షణములో ముగియును. ఆమె నేర్పంతయు కొనలను మూయుటయందే కలదు. కొనను లోపలికి మడిచి నొక్కి, దారము చుట్టి ముడివేసినగాని అది బీడీ కాదు. మడత సడలినచో పొగాకంతయు రాలి ఆకు మాత్రము మిగులును. మగ్గముకడ కూర్చున్న పద్మశాలి నడిగినను ఈ మాటయే చెప్పును. పాత పడుగు ముగియువేళ దాని కొనలకు క్రొత్త పడుగు కొనలను ఒక్కొక్క పోగుగా మెలివేసి అతికినగాని మగ్గము సాగదు. అతుకు లేని పోగు విడిపోవును. దారమునకు ప్రాణము నడుమ నున్నట్లు తోచును గాని, దాని యాయువు కొనలయందే యుండును.

జీవకణములలోని ఆర్.ఎన్.ఏ. సంగతియు నిట్టిదే. కణపు కేంద్రకమునందు డి.ఎన్.ఏ. యను మూలగ్రంథము భద్రపఱుపబడియుండగా, అందులో ఏ పుట కావలసిన ఆ పుటకు నకలు వ్రాయబడి వెలుపలికి వచ్చును. ఆ నకలే సందేశవాహక ఆర్.ఎన్.ఏ. దానిని చదివి రైబోసోములు మాంసకృత్తులను అల్లును. ఈ నకలు అక్షరములనదగు చిన్న యణువుల గొలుసు. ఒక్కొక్క అక్షరమున రైబోసు అను చక్కెర యుండును. ఆ చక్కెరకు కర్బన పరమాణువులైదు. ఒక చక్కెర మూడవ కర్బనమునకును తరువాతి చక్కెర ఐదవ కర్బనమునకును నడుమ ఫాస్ఫేటు వంతెనగా నిలుచుటచే గొలుసునకు ఒక దిక్కు ఏర్పడుచున్నది. ఐదవ కర్బనము బయటికి మిగిలిన కొనను తలయనియు, మూడవ కర్బనము మిగిలిన కొనను తోకయనియు పిలిచెదను. కణము చదువుట యెల్లప్పుడును తలనుండి తోకకే.

నకలు వ్రాయుట మొదలగునప్పుడు తలయందలి మొదటి యక్షరము తన మూడు ఫాస్ఫేటులను విడువక మోసికొనియే వచ్చును. మూడు ఫాస్ఫేటుల ఈ కూర్పు మనకు కొత్తది గాదు. కండరమునకు బలమిచ్చు ఎ.టి.పి. యందు నున్నది ఇదియే. ఇచట మన తెలుగువాని నొకని స్మరింపక ముందునకు నడచుట నా మనసునకు ఒప్పదు. 1895 జనవరి 12న భీమవరమున పుట్టి, బీదతనముతో పెనగులాడి, 1922లో అమెరికా చేరి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలసి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫాస్ఫేటును కొలుచుటకొక పద్ధతిని ప్రకటించెను. ద్రావణమున ఫాస్ఫేటు ఎంత యున్నదో, మాలిబ్డేటు కలిపి ఆమీద వేఱొక రసాయనముతో క్షయకరణము గావించినప్పుడు, అంతటి నీలిరంగు తేలును. ఆ నీలిమ గాఢతయే కొలత. చూచుటకు చిన్న పని. కాని ఎంజైము ఒక యణువునుండి ఫాస్ఫేటును కోసివేసినదా లేదా, ఎంత కోసినది, ఎంత వేగముగ కోసినది, ఇవి యన్నియు తేల్చుటకు అనేక దశాబ్దములు ప్రపంచపు ప్రయోగశాలలు ఆ నీలిరంగునే నమ్ముకొనెను. 1929లో ఫిస్కె సుబ్బారావులు కండరమునుండి ఎ.టి.పి.ని వేఱుచేసిరి, జర్మనీలో కార్ల్ లోమన్ అదే యేట స్వతంత్రముగ అదే కనుగొనెను. ఆర్.ఎన్.ఏ. తలను గుఱించి ఆనాడు ఎవ్వరును ఎఱుగరు. అయినను ఆ తల యే రసాయనముతో కట్టబడినదో ఆ రసాయనమును కొలుచు తక్కెడ భీమవరమువాని చేతిలో అప్పటికే సిద్ధమైయుండెను.

మూడు ఫాస్ఫేటులతో బయలుదేఱిన తల మన వంటి ఉన్నతజీవుల కణములలో అట్లే మిగులదు. నకలు ఇంకను 20, 30 అక్షరముల పొడవునకు మించకమునుపే, అనగా పిల్ల తల బయటపడుచుండగనే, ఎంజైములు దానిపై పడును. మొదటిది చివరి ఫాస్ఫేటును కోసి రెండింటిని మిగుల్చును. రెండవది గ్వానీను అక్షరము నొకదానిని తెచ్చి, దానిని తలక్రిందుచేసి, అనగా గొలుసులోని తక్కినవన్నియు చూచు దిక్కునకు ఎదురుగా, అతికించును. తలక్రిందుగ నుండుట ముఖ్యము. గొలుసును తలనుండి కొఱికివేయు ఎంజైములకు అట్టి యతుకును విప్పు నేర్పు లేదు. మూడవది ఆ గ్వానీనుయొక్క ఏడవ స్థానమునందలి నైట్రోజనుపై మీథైలను చిన్న గుంపును ఉంచును. తరువాత మఱియొక ఎంజైము మొదటి యక్షరపు చక్కెరపై నింకొక మీథైలు పెట్టును. ఈ కూర్పునంతటిని శాస్త్రజ్ఞులు కాప్ అందురు, టోపీ యని యర్థము. నాకు మాత్రము ఇది కామాటివాని తలపాగావలె తోచుచున్నది. ఎండకు తలను కాచునది తలపాగాయే; తట్ట పెట్టుకొనుటకు చుట్టకుదురగునది తలపాగాయే; మేస్త్రీ దూరమునుండి తనవానిని గుర్తుపట్టునదియు తలపాగావలననే. ఆర్.ఎన్.ఏ. తలపాగాయు ఈ మూడు పనులను చేయుచున్నది: తలనుండి కొఱుకు ఎంజైములనుండి కాచును, కేంద్రకము వెలుపలికి పోవుటకు అనుమతిచీటి యగును, రైబోసోమును పిలిచి పనికి కూర్చుండబెట్టు మాంసకృత్తునకు పట్టుకొమ్మ యగును. తోకకొనయందు అడినీను అక్షరములు సుమారు 200 వఱకు వరుసగా చేర్చబడి, వానిని అంటుకొన్న మాంసకృత్తులు తలపాగానంటిన మాంసకృత్తులతో చేతులు కలుపుటచే, సందేశము తలతోకలు కూడిన వలయమై చదువబడును.

ఈ తలపాగాను కనుగొనిన విధము పట్టుపురుగునకు ఋణపడియున్నది. హిందూపురము, మదనపల్లె ప్రాంతముల రైతులు ఎఱుగుదురు, పట్టుపురుగునకు తెగుళ్లు ఎన్నియో. వానిలో ఒక తెగులు వైరసును, అనగా పురుగు ప్రేగుకణములలో స్ఫటికములుగా పెరుగుదానిని, జపానులోని మిషిమా నగరపు జాతీయ జన్యుశాస్త్ర సంస్థలో యసుహిరో ఫురుయిచి పరిశీలించుచు, 1974లో, మీథైలు గుంపును దానము చేయు ఎస్-అడినోసిల్ మీథియొనీను అను పదార్థమును చేర్చినపుడు ఆ వైరసు ఆర్.ఎన్.ఏ. వ్రాయుట అద్భుతముగా పెరుగునని గుర్తించెను. మీథైలునకును వ్రాతకును సంబంధమేమి? ఫురుయిచి అమెరికాలోని న్యూజెర్సీయందు ఆరన్ షాట్కిన్ ప్రయోగశాలకు పోయి చేరగా, అచట రియోవైరసుపైనను, జపానున కిన్-ఇచిరో మియురాతో కలసి పట్టుపురుగు వైరసుపైనను జరిగిన పరిశ్రమ 1975లో తలపాగా రూపమును లోకమునకు చూపెను. అదే సంవత్సరమున బెర్నార్డ్ మాస్ బృందము మశూచి టీకాలోని వాక్సీనియా వైరసునందు అదే కూర్పును కనుగొనెను. తలపాగా లేని సందేశమును రైబోసోములు సరిగా చదువవని ఆ యేటనే నేచర్ పత్రికలో ప్రకటించిన వ్యాసమున మొదటి పేరు ముత్తుకృష్ణన్ అను భారతీయునిది.

ఈ మీథైలు ఎక్కడినుండి వచ్చును? మన కూరలలోని ఫోలిక్ ఆమ్లమే దానిని చేతులు మార్చి, బి-12 విటమినుతో గూడి, మీథియొనీనునకు అందించును, మీథియొనీను ఎ.టి.పి.తో కలసినపుడు పైన చెప్పిన దాత పుట్టును. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించిన లెడర్లీ ప్రయోగశాలల బృందమునకు పరిశోధనాధిపతి మఱెవ్వరో కాదు, ఆ సుబ్బారావే. తలపాగాలోని ఫాస్ఫేటునకును మీథైలునకును, రెండింటికిని, ఒక్క తెలుగువాని శ్రమతో బంధుత్వమున్నదని చెప్పునపుడు నా కలము కొంచెము గర్వపడినచో పాఠకులు క్షమింపవలెను. ఆయన 1948 ఆగస్టున, తలపాగా కనుగొనబడుటకు దాదాపు ముప్పది యేండ్లకు ముందే, కన్నుమూసెను.

తొడుగుట చెప్పితిని, ఇక ఊడదీయుట. చదువరులలో అనేకులు, రక్షించు తొడుగును తీసివేయు ఎంజైము శత్రువని తలపవచ్చును. అది పొరపాటు. సందేశము శాశ్వతముగా నిలిచినచో కణమునకు ముప్పు. నిన్నటి యాజ్ఞ నేటికిని అమలగుచుండిన రాజ్యము ఎట్టిదో అట్టిది. కొన్ని సందేశములు నిమిషములే బ్రదుకవలెను, కొన్ని గంటలు, కొన్ని దినములు. కావున ప్రకృతి ఊడదీయుటకు చట్టబద్ధమైన క్రమము నొకదానిని ఏర్పఱచినది. మొదట తోకయందలి అడినీనులను కొన్ని ఎంజైములు ఒక్కొక్కటిగా కొఱుకును. వానిలో ప్రధానమైన కూటమిని సి.సి.ఆర్.4-నాట్ అందురు. తోక కుఱుచయైనపుడు తలతోకల కూడిక సడలును, తలపాగా బయటపడును. అప్పుడు డి.సి.పి.2 అను ఎంజైము, తన తోడునీడయైన డి.సి.పి.1 సాయముతో, తలపాగాలోని మూడు ఫాస్ఫేటుల నడుమ కత్తి పెట్టి, రెండింటిని తలపాగా వైపునను ఒకదానిని ఆర్.ఎన్.ఏ. వైపునను విడదీయును. ఈ లెక్క చిన్నదిగా కనబడినను ఫలమెంతో పెద్దది: ఒంటి ఫాస్ఫేటుతో మిగిలిన తల ఎక్స్.ఆర్.ఎన్.1 అను భక్షకునకు పిలుపు. అది తలనుండి తోక వఱకు దారమును అక్షరములుగా విఱిచి వేయును, ఆ యక్షరములు మఱల క్రొత్త నకళ్లకు ఉపయోగపడును. తోకవైపునుండి కొఱుకబడిన సందేశమునకు మాత్రము కడపట తలపాగాయు కొన్ని యక్షరములును మిగిలిపోవును. వానిని తుడిచివేయుటకు డి.సి.పి.ఎస్. అను వేఱొక ఎంజైము కలదు. ఊడ్చి తుడుచు పారిశుద్ధ్యపు పనియే దానిది.

డి.సి.పి.2 చేరిన ఎంజైముల కుటుంబమును నుడిక్స్ అందురు. అక్షరములకు అతుకబడిన ఫాస్ఫేటుల జంటను చీల్చుట దాని కులవృత్తి. బాక్టీరియాకు మన తలపాగా లేదు, వానియందు ఆర్.పి.పి.హెచ్. అను నుడిక్స్ ఎంజైము మూడు ఫాస్ఫేటులలో రెండింటిని తొలగించి, మిగిలిన ఒంటి ఫాస్ఫేటుతో నాశనమునకు దారి తీయునని 2008లో న్యూయార్కున జోయెల్ బెలాస్కో బృందము తెలిపినది. మనుష్యునిదైనను బాక్టీరియాదైనను, ఒంటి ఫాస్ఫేటు గల తల మరణశాసనమే.

2009లో డేవిడ్ లియు బృందము బాక్టీరియా ఆర్.ఎన్.ఏ.లలో కొన్నిటి తలయందు ఎన్.ఎ.డి. అను అణువు అంటియుండుటను కనుగొనెను. ఎన్.ఎ.డి. యనునది నయాసినునుండి, అనగా బి-3 విటమినునుండి, కణము తయారుచేసికొను శక్తివాహకము. ఆ విటమిను లోపించినచో పుట్టు పెల్లాగ్రా వ్యాధి జొన్నకూడే ఆధారమైన బీద జనులయందు ఎందుకు కనబడుచున్నదని హైదరాబాదులోని నేటి జాతీయ పోషకాహార సంస్థయందు సి. గోపాలన్ మొదలగువారు దీర్ఘకాలము పరిశోధించిరి. కామాటివారు విడిచి వచ్చిన పల్లెల కూడును ఆ జొన్నయే. ఆ విటమినును మోయు అణువే ఆర్.ఎన్.ఏ. తలపై కూర్చుండునని వారి కాలమున ఎవ్వరు ఊహింపగలరు! 2015లో జర్మనీలోని హైడెల్‌బర్గునందు ఆండ్రెస్ యేష్కె బృందము ఏయే ఆర్.ఎన్.ఏ.లకు ఈ టోపీ యుండునో ఏఱి చూపెను. నుడ్-సి అను ఎంజైము దానిని ఊడదీయునని తెలిసెను. 2017లో మనుష్యకణములలోను అది కనబడినది. విచిత్రమేమనగా, బాక్టీరియాలో ఈ టోపీ ఆర్.ఎన్.ఏ.ను కాచుచుండగా మన కణములలో డి.ఎక్స్.ఓ. అను ఎంజైము దానిని చూచి లాగివేసి దారమును నశింపజేయును. ఒకే టోపీ ఒక దేశమున మర్యాద, మఱియొక దేశమున నేరము. దాని నిజమైన ప్రయోజనమేమో తేల్చుటకు పరిశోధన ఇప్పటికిని సాగుచున్నది.

వైరసుల కథ ఇచటనుండి మొదలగును. మన కణము తనదానిని పరదానినుండి వేఱుచేయుటకు తలనే చూచును. మూడు ఫాస్ఫేటులతో బోడితలగా తిరుగు ఆర్.ఎన్.ఏ. కనబడినచో రిగ్-ఐ అను కావలివాడు గంట మ్రోగించి రక్షణదళమును లేపునని 2006లో తెలిసెను. కావున కణములో చొరబడు వైరసు ఏదో యొక తలపాగా సంపాదింపవలెను. ఇన్‌ఫ్లుయెంజా వైరసు దొంగతనము చేయును. కణపు సందేశముల తలలను తలపాగాలతో సహా కోసి తన ఆర్.ఎన్.ఏ.కు తగిలించుకొనును. డెంగ్యూ వైరసు తన మీథైలు ఎంజైమును తానే మోసికొని వచ్చును. వాక్సీనియా వైరసు తలపాగా కట్టు పనిముట్లన్నియు వెంటదెచ్చుకొనుటయే గాక, ఇతరుల తలపాగాలను ఊడదీయు రెండు ఎంజైములను గూడ కలిగియుండునని మాస్ బృందము 2007 ప్రాంతమున చూపెను; కణపు సందేశముల నోరు నొక్కి తనవానికి దారి చేసికొనుట దాని యుపాయము. ఆ వాక్సీనియా బొంబాయికి పరాయిది గాదు. 1802 జూన్ 14న బొంబాయి నగరముననే అన్నా డస్తాల్ అను మూడేండ్ల బాలికకు మన దేశమున మొట్టమొదటి మశూచి టీకా వేయబడెను. ఆ టీకా పరంపరయే కాలక్రమమున వాక్సీనియా పేరుతో ప్రయోగశాలలకు చేరినది. నేడు టీకాలకై ఆర్.ఎన్.ఏ.ను తయారుచేయువారిలో కొందఱు తలపాగా తొడుగుటకు వాక్సీనియానుండి గ్రహించిన ఎంజైమునే వాడుచున్నారు. 2022లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థ ఆవరణనుండి ప్రకటింపబడిన స్వదేశీ ఆర్.ఎన్.ఏ. టీకా పద్ధతికైనను తలపాగా లేక గతి లేదు.

హెచ్.ఐ.వి. దొంగతనము చేయదు, పనిముట్లు తెచ్చుకొనదు. అది అంతకంటె లోతైన యుపాయము పన్నినది. తన ఆర్.ఎన్.ఏ.ను మొదట డి.ఎన్.ఏ.గా మార్చి, మన మూలగ్రంథముననే ఒక పుటగా కుట్టుకొనును. అటుపిమ్మట మన కణపు లేఖకుడే దానికి నకలు వ్రాయును, మన ఎంజైములే దాని తలకు తలపాగా చుట్టును, మన ఎంజైములే తోకకు అడినీనులను కట్టును. కావలివాడు తల చూచి తనవాడే యని విడిచిపుచ్చును. ఆ పరాయిదారమును పట్టుకొనుట ఎంత కష్టమో, ఎందుకు కష్టమో ఇప్పుడు చదువరికి తెలిసియుండును.

ఇందులో నన్ను ఎక్కువ ఆశ్చర్యపఱచిన సంగతి 2020లో అమెరికాలోని మేరీలాండున మైకేల్ సమ్మర్స్ బృందము సైన్స్ పత్రికయందు ప్రకటించినది. హెచ్.ఐ.వి. నకలు మొదలగుచోట మూడు గ్వానీనులు ప్రక్కప్రక్కన నుండును; లేఖకుడు వానిలో ఏదేని యొకదానినుండి వ్రాత ప్రారంభించును. ఒక్క గ్వానీనుతో మొదలైన నకలుయొక్క తలపాగా దారపు మడతలలోనికి ముడుచుకొని దాగిపోవును. రైబోసోమునకు అది కనబడదు. అట్టి నకళ్లు రెండు జంటయై క్రొత్త వైరసు పెట్టెలో జన్యుగ్రంథముగా భద్రపఱుపబడును. రెండు మూడు గ్వానీనులతో మొదలైన నకలుయొక్క తలపాగా బయట నిలుచును; దానిని రైబోసోములు చదివి వైరసు మాంసకృత్తులను చేయును. ఒక దారము గ్రంథమగునా, ఆజ్ఞయగునా యనునది తొమ్మిదివేలకు పైబడిన యక్షరములలో తలకడనున్న ఒకటి రెండు యక్షరముల తేడాతో నిర్ణయమగుచున్నది. తలపాగాకును తలకును నడుమనున్న ఆ వెంట్రుకవాసి సందునందు వైరసు తన సంసారమంతయు దిద్దుకొన్నది. ప్రాగ్ నగర పరిశోధకులు 2023లో చూపినట్లు, హెచ్.ఐ.వి. సోకిన కణములలో ఎన్.ఎ.డి. టోపీ గల చిన్న ఆర్.ఎన్.ఏ.లు తగ్గిపోవుచున్నవి, మన దారముల తలలపై గూడ అది చేయి వేయుచున్నదన్నమాట.

తోకకథ ఇంకను చిత్రము. కణములోనికి వచ్చిన వైరసు తన ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చుటకు రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజు అను ఎంజైము కావలెను. కాని ఆ ఎంజైము శూన్యమున వ్రాత మొదలుపెట్టలేదు, ఏదో యొక కొన దొరికినగాని ముందునకు సాగదు. అందుకై వైరసు మన కణమునందలి చిన్న ఆర్.ఎన్.ఏ. నొకదానిని, లైసీను అను అమైనో ఆమ్లమును మోయు కూలి ఆర్.ఎన్.ఏ.ను, ముందే తన పెట్టెలో వెంటబెట్టుకొనివచ్చి, దాని తోకయందలి 18 అక్షరములను తన దారమునకు జతపఱచును. ఆ కూలివాని మూడవ కర్బనపు కొననుండియే వైరసు డి.ఎన్.ఏ. పొడుచుకొని వచ్చును. పని తీరిన పిమ్మట అదే ఎంజైముయొక్క వేఱొక భాగము, రైబోన్యూక్లియేజ్-హెచ్ అనునది, పాత ఆర్.ఎన్.ఏ. దారమును ముక్కలుచేసి, ఆ కూలి ఆర్.ఎన్.ఏ.ను గూడ కొనకడ ఒక్క అక్షరము మిగులునట్లు కోసి పాఱవైచును. పరుల బరువు మోసి తుదకు త్రోసివేయబడిన కూలివాని కథ కామాఠిపురకు కొత్త గాదు.

హెచ్.ఐ.వి. మందుల కీలకము గూడ కొనయందే యున్నది. జిడోవుడీను, స్టావుడీను, లామివుడీను అనునవి చూచుటకు డి.ఎన్.ఏ. అక్షరములవలెనే యుండును, కాని తరువాతి యక్షరమును తగిలించుకొనుటకు మూడవ కర్బనముకడ నుండవలసిన కొక్కెము వానికి లేదు. ఎంజైము మోసపోయి వానిని గొలుసునకు అతికినతోడనే గొలుసు మొండియై ఆగిపోవును. పాశ్చాత్యదేశములలో ఇట్టి మందుల కూర్పునకు ఒక రోగికి సంవత్సరమునకు 10,000 డాలర్లకు పైగా అడుగుచున్న కాలమున, 2001 ఫిబ్రవరిలో, స్టావుడీను, లామివుడీను, నెవిరాపీను కలిపిన మూడు మందుల చికిత్సను 350 డాలర్లకే యిచ్చెదనని యూసుఫ్ హమీద్ ప్రకటించెను. ఆయన నడిపిన సిప్లా మందుల సంస్థ కార్యాలయము ఆనాడు బొంబాయి సెంట్రల్ కడ బెల్లాసిస్ రోడ్డుపై నుండెను. కామాఠిపురకు ఉత్తరపు హద్దు ఆ రోడ్డే. సందు చివర ప్రాణము పోవుచుండగా ఆ ప్రాణమును నిలుపగల మందును చేయు సంస్థ ఆ సందు మొగలోనే యుండెననుట చరిత్రలోని సత్యము. ఆ రెండింటి నడుమ దూరము అడుగులది గాదు, ధరది, సిగ్గుది, ఏవగింపుది. ధర తగ్గినది. తక్కిన రెండును తగ్గవలసియున్నది.

2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా నిచ్చుట ప్రారంభించెను. మొదటి కేంద్రములలో నొకటి కామాఠిపురకు కాలినడక దూరముననే యున్న జె.జె. ఆసుపత్రి. మందును తప్పక వేసికొని, రక్తమున వైరసు పరీక్షకు దొరకనంతగా తగ్గి, ఆ స్థితిలో నిలిచినవారినుండి సంగమమువలన వ్యాధి ఇతరులకు సోకదని నేడు నిశ్చయమైనది. సోకినవారిని ఉద్యోగమునుండియు, బడినుండియు, అద్దెయింటినుండియు, ఆసుపత్రి మంచమునుండియు త్రోసివేయుట 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనికి తెచ్చిన చట్టము ననుసరించి నిషిద్ధము. ఇది చదువుచున్నవారు ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్లలోనివారైనను, వారి చుట్టములు మిగిలియున్న పాలమూరు, నల్లగొండ, కరీంనగరము పల్లెలవారైనను, అనుమానము కలిగినచో ఇంటిలో దాచుకొనక పరీక్ష చేయించుకొనవలెనని చేతులు జోడించి కోరుచున్నాను. పరీక్ష ఉచితము, చేయించుకొన్నవారి పేరు గోప్యము, దారి అడుగుటకు రూపాయి ఖర్చులేక ఏ ఫోనునుండియైనను పిలువదగిన అంకె 1097.